సింగారి అల్లిన బేసి గంప

అనగనగా ఒక మేదరింట్లో సింగారి అనే పిల్ల ఉండేదమ్మా. దానికి బేసి సంఖ్యంటే ఒళ్ళుమంట. గారెలు మూడు పెడితే, ఒకదానికి జంట లేదని నాలుగోదానికి పేచీ పెట్టేది. కడుపులో చోటు లేకపోయినా సరే, తినాల్సిందే.

ఒకనాడు దాని కోడిపెట్ట గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. అప్పటినుంచి ఒక గద్ద వాళ్ళింటి మీదే చక్కర్లు కొడుతోంది. సింగారికి ఆ పిల్లలంటే ప్రాణం. గద్ద ఎత్తుకుపోతుందేమోనని అన్నం కూడా సయించలేదు.

ఇంట్లో గంపలన్నీ తాత సంతకి మోసుకుపోతున్నాడు. వెళ్తూ వెళ్తూ వెదురు బద్దలు చేతికిచ్చి, కోళ్ళకి గంప అల్లుకో, నిలువు బద్దలు మాత్రం బేసిగా ఉండాలి అని చెప్పాడు. మన సింగారి వింటుందా? ఎనిమిది పెట్టింది.

అప్పుడు అల్లడం మొదలుపెట్టింది. అడ్డబద్దని ఒక నిలువు బద్ద పైనుంచి, ఇంకోదాని కిందనుంచి పోనిచ్చింది. ఎంత అల్లినా బిగువు రాలేదు. బోర్లిస్తే, కోడి దాన్ని మెళ్ళో దండలా వేసుకుని దొడ్డంతా తిరిగింది. నవ్వకు, కథ విను.

ఆ తర్వాత బద్దలు చాల్లేదనుకుని పది పెట్టింది. పదీ సరిసంఖ్యే కదా! ఈసారి కోడి ఒక్క తన్ను తన్నేసరికి గంప కాస్తా చాపయింది. అంతలో గద్ద కిందికి దిగి గోడ మీద వాలింది. సింగారికి ఏడుపొచ్చేసింది.

ముక్కు చీదుకుని, అల్లిక మీద వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. మొదటి చుట్టులో ఏ బద్ద పైనుంచి వెళ్ళిందో, రెండో చుట్టులోనూ దాని పైనుంచే వెళ్తోంది. ఇంక బిగిసేదెలా? ఒక్క బద్ద ఎక్కువుంటే చుట్టు చుట్టుకీ పైది కిందికి మారుతుంది. తాత చెప్పింది ఇందుకన్నమాట.

కానీ బద్దలన్నీ అయిపోయాయి. అప్పుడు పళ్ళు నూరుకుంటూ ఒక నిలువు బద్దని రెండుగా చీల్చింది. పది కాస్తా పదకొండైంది. పాత అల్లిక విప్పి, చకచకా మళ్ళీ అల్లేసింది. గంప గట్టిగా బిగిసింది.

గద్ద ఒక్క దూకు దూకింది. సింగారి కోడినీ పిల్లల్నీ ఒళ్ళోకి లాక్కుని, అందరి మీదా గంప బోర్లించేసుకుంది. గద్ద ఎంత పీకినా ఒక్క బద్ద కదల్లేదు. విసుగొచ్చి ఎగిరిపోయింది.

సాయంత్రం తాత వచ్చేసరికి గంపలోంచి కిచకిచలు, మధ్యలో ఒక తుమ్ము.

"లోపల ఎంతమందే?" అన్నాడు తాత.

"పిల్లలు ఏడు, తల్లి ఒకటి, ఎనిమిది తాతా" అంది సింగారి. మళ్ళీ తనే, "నన్నూ కలుపుకో. బేసైతేనే ఊడదు" అంది.

గద్ద కొండకి, కోడి గంపకి,
కథ కంచికి, నువ్వు కునుక్కి.