సారణుడి తాళంచెవుల గుత్తి

సారణుడు వస్తున్నాడంటే ఆ కొండమీది విహారంలో ముందు చప్పుడు వచ్చేది, వెనక మనిషి వచ్చేవాడు. మొలకు కట్టుకున్న తాళంచెవుల గుత్తి అలా గలగలమనేది. బౌద్ధ భిక్షువన్నాక భిక్షాపాత్ర, కట్టుకునే చీవరం తప్ప సొంతమంటూ పెద్దగా ఏమీ ఉండకూడదు కదా. ఆ లోటంతా సారణుడికి ఆ గుత్తి తీర్చేది.

నిజానికి విహారంలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా వర్షావాసం, అంటే వానాకాలమంతా భిక్షువులు ఒకేచోట ఉండే దీక్ష, మొదలైన రోజున అందరి పనులూ మారతాయి. పని మారినవాడు పాత పని తాళంచెవిని తిరిగి ఇచ్చేయాలి. సారణుడు మొదట వంటశాల చూశాడు, తర్వాత ధాన్యపు కొట్టు చూశాడు, ఇప్పుడు గ్రంథాల గది చూస్తున్నాడు. చురుకైనవాడు, చేతివాటం లేనివాడు. అందుకే పని మారినప్పుడల్లా కొత్తగా వచ్చినవాళ్ళు, "నీ దగ్గరా ఒకటి ఉండనీ, ఎప్పుడు ఏ అవసరం పడుతుందో" అనేవారు. కమ్మరి చేత ఇంకోటి చేయించుకుని వాళ్ళ పని వాళ్ళు చూసుకునేవారు. వద్దనడానికి సారణుడికి నోరు రాలేదు.

కుతూహలం కూడా అతనికి ఎక్కువే. మూసిన తలుపు కనిపిస్తే, లోపల ఏముందో చూసేదాకా కాలు నిలిచేది కాదు. ఇక విహారంలో అతను తెరవలేనిది ఒక్కటే మిగిలింది. కొండ దిగువన, నది రేవు పక్కనున్న వైద్యశాలలో నాభి దాచే పెట్టె.

నాభి విషపు దుంప. పాలలో ఉడికించి శుద్ధి చేస్తే మందు. చేయకపోతే గోరంత ముక్క చాలు, మనిషి దక్కడు. దాన్ని శుద్ధి చేసే పని వైద్యం చూసే గోపకుడిది. ఆ పెట్టె తాళంచెవి ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ ఒక్కటీ లేకపోవడం సారణుడికి పంటికింద రాయిలా ఉండేది. కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి గురువు దగ్గరే తేల్చుకుందామని వెళ్ళాడు. గురువు ధర్మనంది స్థవిరుడు అరుగు మీద కూర్చుని చిరిగిన చీవరానికి అతుకు వేసుకుంటున్నాడు.

"భంతే, నేను మీకు నమ్మదగినవాణ్ణేనా?"

"అందులో సందేహమేముంది నాయనా?"

"మరి నాభి పెట్టె తాళంచెవి నాకెందుకు లేదు?"

"దాంతో నీకేం పని?"

"పనేం లేదు భంతే. కానీ అన్నీ ఉండి అదొక్కటే లేకపోతే, నామీద మీకేదో అనుమానం ఉన్నట్టు లేదూ?"

గురువు సూదిలో దారం ఎక్కించుకున్నాడు. తర్వాత గోపకుణ్ణి పిలిపించి, "నీ తాళంచెవి ఇతనికివ్వు" అన్నాడు. గోపకుడు గురువు మొహంలోకి ఒకసారి చూసి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రమే సారణుడు పెట్టె తెరిచాడు. గుంటలు చెక్కిన చెక్క పలక, గుంటకొకటిగా ఎండిపోయిన బూడిదరంగు దుంపలు. అంతే. ఇంతోటి దానికా ఇంత దాపరికం అనుకున్నాడు. అయినా గుత్తి నిండుగా ఉందన్న సంతోషం మాత్రం దాగలేదు. కొండెక్కుతూ కావాలనే కాస్త గట్టిగా నడిచాడు.

మర్నాడు పొద్దున్నే కృష్ణలో స్నానానికి దిగాడు. చీవరం, గుత్తి రేవు మెట్టు మీద పెట్టాడు. ఎగువన వానలు పడ్డాయేమో, నది కొత్తనీటితో ఎర్రగా ఉంది. ఏ కొండల మట్టి కలిస్తే నీటికి ఈ రంగు వస్తుందా అని ఆలోచిస్తూ, ఈదుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఒడ్డుకొచ్చి చూస్తే గుత్తి పెట్టినచోటే ఉంది.

వైద్యశాల గుమ్మంలో గోపకుడు ఎదురుచూస్తున్నాడు.

"పాలు పొయ్యి మీద మరుగుతున్నాయి. తమరు దయచేసి పెట్టె తీస్తే నా పని నేను చేసుకుంటాను."

ఆ 'తమరు'లో ఉన్న కారం సారణుడికి తగిలింది. వెళ్ళి పెట్టె తీశాడు. పలక మీద ఒక గుంట ఖాళీగా ఉంది.

"నిన్న నువ్వు చూసినప్పుడు?" అన్నాడు గోపకుడు.

"నిండుగా ఉన్నాయి."

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా?"

"లేదు."

"నా దగ్గర ఎలాగూ లేదు" అన్నాడు గోపకుడు. నింద వేయడానికి అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఆ మాట అనగలిగే అదృష్టం విహారంలో అందరికీ ఉంది, సారణుడొక్కడికి తప్ప.

వసారాలో ఒక బెస్తామె జ్వరపు బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. గోపకుడు ఆమెకివ్వడానికి అతివస దుంపల బుట్టలో చేయి పెట్టబోయి ఆగాడు. అతివస పసిపిల్లల మందు. ఎండాక అదీ నాభీ పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి. విరిచి లోపలి తెలుపు చూస్తే గాని అతివస అని గట్టిగా చెప్పలేరు. పోయిన దుంప ఈ బుట్టలో పడి ఉంటే?

"ఏంటయ్యా, మందు లేదా?" అంది ఆమె భయంగా.

"ఉందమ్మా. చూసి ఇస్తాను." గోపకుడు ఒక దుంప విరిచి, వెలుతురులో పెట్టి, తెల్లగా ఉందని తేల్చుకుని, తేనెలో అరగదీసి బిడ్డ నాలుకకు రాశాడు. ఆమె వెళ్ళాక సారణుడి వైపు తిరిగాడు.

"ఆ గుత్తితో ఇంకా ఏమేం తెరుచుకుంటాయి?"

"గ్రంథాల గది. ధాన్యపు కొట్టు. వంటశాల." ఒక్కో పేరు చెబుతుంటే సారణుడి గొంతు సన్నబడింది. నిన్నటిదాకా ఆ పేర్లు తలుచుకుంటే ఛాతీ పొంగేది.

అతను కొండమీదికి పరుగెత్తాడు. వంటశాలలో అన్నం ఉడుకుతోంది. "దించేయండి, నాభి దుంప ఒకటి పోయింది, ఎవరూ తినకూడదు" అన్నాడు రొప్పుతూ. వంట చూసే భిక్షువు గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎవరి మీద అనుమానం?"

"నా మొలకున్న దానిమీద."

ఉన్న అన్నం పారబోశారు. కొట్టులో బియ్యం, పప్పు జల్లెడ పట్టారు. కుండలు కడిగారు. గోపకుడు అతివస బుట్ట మొత్తం విరిచి చూశాడు. పోయింది ఎక్కడా దొరకలేదు. ఈలోగా మధ్యాహ్నపు గంట మోగింది. పొద్దు నడినెత్తి దాటితే భిక్షువులు మళ్ళీ తెల్లవారేదాకా ముద్ద ముట్టరు. భోజనశాలలో అందరూ ఖాళీ పాత్రలు ముందు పెట్టుకుని కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే సారణుడికి కొంచెం తేలికగా ఉండేది.

గురువు ఒక్కడే మిగిలాడు. ఆయన పాత్ర కూడా ఖాళీయే. సారణుడు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"భంతే, తీసింది నేను కాదు. కానీ కాదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు."

గురువు చీవరం కొంగు విప్పి, బూడిదరంగు దుంప ఒకటి తీసి ఇద్దరి మధ్యా నేలమీద పెట్టాడు.

సారణుడికి కోపం రావాలి. దానికంటే ముందు ఆశ్చర్యం కలిగింది. "ఎలా తీశారు భంతే? తాళంచెవి నా దగ్గరే ఉంది కదా."

"నువ్వు నీళ్ళలో ఉన్నావు, అది మెట్టు మీద ఉంది. గోపకుడు పాలు తేవడానికి వెళ్ళాడు. పెద్దవాణ్ణి, వైద్యశాలకు వెళ్ళి వచ్చేసరికి ఆలస్యమైంది. అయినా నువ్వు ఈదుతూనే ఉన్నావు."

మెట్టు మీద గ్రంథాల గది తాళంచెవి ఒక్కటే ఉండి ఉంటే ఈ పొద్దు ఎలా గడిచేదోనని సారణుడు ఆలోచించాడు. బిడ్డ తల్లి అలా భయపడేది కాదు. ఇంతమంది పస్తుండేవారు కాదు. మొలతాడు విప్పి, గుత్తిలోంచి గోపకుడిది, వంటశాలది, కొట్టుది ఒక్కొక్కటే తీసి దుంప పక్కన పెట్టాడు. చేతిలో ఒకటే మిగిలింది.

"మీరు నన్ను నమ్మలేదనుకున్నాను భంతే" అన్నాడు తల వంచుకుని.

"నిన్ను నేను నమ్మాను నాయనా" అన్నాడు గురువు. "నీ గుత్తి మాత్రం నన్ను కూడా నమ్మింది."