గుమ్మం దగ్గరి చాప

దీనమ్మ మనవరాలి చేతికి తాయెత్తు చూసిన దగ్గర్నించీ ఫిలేమోనుకి అన్నం సయించలేదు.

ఫిలేమోను కుర్ర పాస్టరు. బైబిలు కాలేజీ చదువు ముగించి, దైవసహాయం అయ్యగారి దగ్గర సేవ నేర్చుకోడానికి ఆ లంక ఊరికొచ్చాడు. మొన్నమొన్ననే అభిషేకమైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, అలా ఉండేది అతని భక్తి.

"అయ్యగారూ, రేపు దీనమ్మకి బల్ల ఆపాలండి," అన్నాడు శనివారం సాయంత్రం.

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆరాధన. తప్పు చేసినవాళ్లకి అది ఆపడం ఆ సంఘంలో పాత ఆచారం. బల్ల ఆగినవాళ్లు గుమ్మం పక్కన, చెప్పులు విడిచేచోట వేసిన ఈతచాప మీద కూర్చోవాలి. అందరూ చూస్తుండగా! ఆ చాప మీద కూర్చుని లేచిన మనిషి ఊళ్లో తలెత్తుకు తిరగాలంటే చాలా కాలం పట్టేది.

అయ్యగారు మంచం నవారు బిగిస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"ఎందుకు కట్టించిందో అడిగావా?"

"అడిగేదేముందండీ, కళ్లకి కనబడుతుంటే! బాప్తిస్మం తీసుకున్న మనిషి తాయెత్తు కట్టిస్తుందా? ఊరుకుంటే రేపు సంఘమంతా కట్టించుకుంటారు."

"నీ మొదటి బల్ల గదా. ఇచ్చేది నువ్వు, ఆపేదీ నువ్వే," అని అయ్యగారు నవారు లాగి ముడేశారు. "అయినా ఓ మాట అడిగి చూడు నాయనా, పోయేదేముంది?"

ఫిలేమోను అడగలేదు. వాక్యం అంత బాగా తెలిసినవాడికి ఒకర్ని అడిగే కర్మేమిటి!

ఆదివారం రేకుల షెడ్డు కిటకిటలాడిపోయింది. తెల్లగుడ్డ కప్పిన బల్ల వెనక ఫిలేమోను నిలబడ్డాడు. అయ్యగారు పక్కన కుర్చీలో కూర్చున్నారు. బల్ల ఇచ్చే ముందు ఫిలేమోను దేవుడు తనకి చేసిన మేలు సాక్ష్యంగా చెప్పాడు.

"గురువారం మధ్యాహ్నం అయ్యగారు పొరుగూళ్లో చావింటి భూస్థాపనకెళ్లారు. నేను ఈ బల్ల కోసం ఉపవాసముండి, ప్రభువు చెప్పినట్టే ఈ పక్క గదిలోకెళ్లి తలుపేసుకుని మోకరించాను. సాతానుడు ఊరుకుంటాడా? వచ్చి తలుపు తట్టాడు! నేను లేవలేదు. మళ్లీ తట్టాడు, ఇంకా గట్టిగా తట్టాడు. 'పో అవతలికి, సాతానా!' అని గద్దించాను. అంతే, కాలికి బుద్ధి చెప్పాడు!"

"హల్లెలూయ!" అన్న కేకకి రేకులు అదిరాయి.

ఇద్దరు మాత్రం అనలేదు. దీనమ్మ తల దించుకుంది. తేలుకుట్టిన దొంగలా ఉందిలే అనుకున్నాడు ఫిలేమోను. అయ్యగారేమో దీనమ్మనే చూస్తున్నారు. ఆయనకి చెముడొచ్చి వినబడలేదనుకున్నాడు. తెలివైనవాడు గదా, అన్నిటికీ అతని దగ్గర జవాబుంది.

"దీనమ్మగారికి ఈ నెల బల్ల ఆపడమైంది. కారణం ఆ పిల్ల చేతికే ఉంది, అందరూ చూడొచ్చు," అని ప్రకటించాడు.

మొగుడు పోయిన నెలలో కూడా బల్ల మానని మనిషి దీనమ్మ. ఆవేళా ఉతికిన తెల్లచీర కట్టుకుని, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా వచ్చింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పిల్లని భుజానేసుకుని వెళ్లి ఈతచాప మీద కూర్చుంది.

అప్పుడు అయ్యగారు కర్ర తీసుకుని లేచారు.

ప్రార్థన చెయ్యడానికి లేచారనుకున్నారంతా. ఆయన మెల్లగా జనం మధ్యనుంచి నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లారు. వెళ్లి, చెప్పుల పక్కన, దీనమ్మకి ఎదురుగా ఆ చాప మీదే కూలబడ్డారు.

"అయ్యో, అయ్యో!" అన్నారు ఆడవాళ్లు. ఫిలేమోను బల్ల వెనకనుంచే కేకేశాడు.

"అయ్యగారూ, మీరక్కడేంటండీ? లేవండి!"

ఆయన వినిపించుకోలేదు. "దీనమ్మా, గురువారం మధ్యాహ్నం ఎక్కడికెళ్లావమ్మా?" అని అడిగారు.

"ఇప్పుడెందుకులెండి అయ్యగారూ."

"చెప్పు తల్లీ."

దీనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోందండి. నూనె రాసి ప్రార్థన చేస్తారని ఇక్కడికే వచ్చాను. లోపల పాస్టరుగారి గొంతు వినబడుతోంది. తట్టాను. ప్రార్థనలో ఉన్నారని కాసేపాగి మళ్లీ తట్టాను. పిల్ల కళ్లు తేలేస్తోంది, భయమేసి గట్టిగా బాదాను."

"తీయలేదా?"

"'పో అవతలికి, సాతానా' అన్నారండి." ఆమె పిల్లని దగ్గరికి పొదువుకుంది. "నన్నే అనుకున్నాను. నాలో ఏ పాపం కనబడిందో ఆయనకి, అనుకుని వెళ్లిపోయాను."

పిల్ల చేతి తాయెత్తుని వేళ్లతో తడిమింది.

"మలుపులో మస్తాను సాయిబు తలుపు తీసే ఉందండి. మంచినీళ్లిచ్చి, మంత్రించి ఇది కట్టాడు. తనే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఇంకో గంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు."

ఫిలేమోను పిల్ల చెయ్యి చూశాడు. తాయెత్తు కింద, సెలైను పెట్టినచోట, తెల్ల ప్లాస్టరు ముక్క ఇంకా అంటుకునే ఉంది. నిన్నా అక్కడే ఉండుంటుంది. నిన్న అతనికి తాయెత్తొక్కటే కనబడింది. ఇందాక తన నోటితో తను చెప్పిన సాక్ష్యం, దానికి వీళ్లంతా అన్న హల్లెలూయ గుర్తొచ్చాయి.

అయ్యగారు సంఘం వైపు తిరిగారు.

"తలుపేసుకోమని వీడికి నేర్పింది నేనే. తట్టితే తీయడం నేర్పకుండానే అభిషేకం చేశాను. నాకూ బల్ల ఆపండి."

ఫిలేమోను బల్ల వెనకనుంచి ఇవతలికొచ్చాడు. ఎలా నడిచాడో అతనికే తెలీదు. గుమ్మం దగ్గరికొచ్చి దీనమ్మ ముందు మోకాళ్ల మీద పడ్డాడు. ఏడుపొక్కటే వచ్చింది.

"ఊరుకోండి బాబూ, అందరూ చూస్తున్నారు," అని దీనమ్మే అతని కళ్లు తుడిచింది.

సంఘపెద్ద ఏసుపాదానికి కాళ్లూ చేతులూ ఆడలేదు. బల్ల దగ్గర ఎవరూ లేరు. రొట్టె అలాగే ఉంది.

"అయ్యగారూ, పాస్టర్లిద్దరూ చాప మీదే కూర్చుంటే ఇంక బల్ల ఎవరిస్తారండీ?"

"వీడే ఇస్తాడు," అన్నారు అయ్యగారు. "ముందా చెప్పులు కాస్త పక్కకి జరపండయ్యా. బల్ల ఇక్కడికి తెచ్చి వెయ్యాలి."

ఫిలేమోను కళ్లు తుడుచుకుని, ఒక్కో జతా చేత్తో తీసి పక్కన పెట్టడం మొదలెట్టాడు.