దడి కాల్చిన రాజకుమారుడు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగే రోజుల్లో, పొగడపురమని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి మణికంధరుడని ఒక రాజు. రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సూర్యకేతు, నడిపివాడు చంద్రకేతు, చిన్నవాడు మలయకేతు. తల్లి లేని ఆ పిల్లల్ని పెంచింది దాది పుల్లమ్మ.

ఆ ఊళ్ళో ఒక వింత ఆచారం ఉండేది. ఏటా వానలకు ముందు దడి పండుగ చేసేవారు. డప్పు మోగగానే ప్రతి వీధికీ రెండు కొసల్లోనూ తాటాకు దడి కట్టేసేవారు. మూడు రోజులు ఈ వీధివాళ్ళు ఆ వీధికి పోకూడదు, ఆ వీధివాళ్ళు ఈ వీధికి రాకూడదు. ఇంట్లో దాచుకున్న పేలాలు, వడియాలు, ఊరగాయలతోనే గడుపుకోవాలి. కబుర్లు చెప్పుకోవాలంటే ఇంటికప్పు ఎక్కి అరుచుకోవాలి.

"ఎందుకు దాదమ్మా ఇదంతా?" అని పిల్లలు విసుక్కుంటే, "ఎప్పుడో నీలిజ్వరం వచ్చి సగం ఊరు పోయిందట నాయనా. మళ్ళీ వస్తే తడుముకోకుండా ఉండాలని పెద్దలు పెట్టారు" అనేది పుల్లమ్మ.

రాజుగారు ముసలివారయ్యారు. పండుగ భారం కొడుకుల మీద పడింది. మొదటి ఏడు పెద్దవాడు తాటాకు మోటుగా ఉందని పట్టుబట్టలతో దడులు కట్టించాడు. ఎంత అందంగా ఉన్నాయో! గాలీ దూరింది, మేకలూ దూరాయి, ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడు నడిపివాడు మూడు రోజులు దండగ, మూడు గడియలు చాలన్నాడు.

మూడో ఏడు చిన్నవాడి వంతు. మలయకేతు అసలు దడులే వద్దన్నాడు. పుల్లమ్మ కొట్టి తెచ్చిన తాటాకంతా నడిబజారులో పోగేయించి మంట పెట్టాడు. ఇళ్ళలో దాచినవన్నీ తెప్పించి విందు చేశాడు. అన్ని వీధులవాళ్ళూ ఆ మంట చుట్టూ చేతులు పట్టుకుని ఆడారు. "వద్దు నాయనా" అని పుల్లమ్మ కాళ్ళావేళ్ళా పడితే, ఆమె చేతిలోని తాటాకు కత్తి లాక్కుని దాన్ని కూడా మంటలో వేసి నవ్వాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. పండుగ సంగతి మనకు తెలిసిందే కదర్రా, పులిహోర ఉంటే చాలు, ఎందుకు చేస్తున్నామో ఎవడిక్కావాలి!

ఆ చలికాలమే నీలిజ్వరం వచ్చింది.

ముందు గోళ్ళు నీలంగా మారేవి. తర్వాత ఒళ్ళు కాలిపోయేది. పలకరించడానికి చుట్టాలు వచ్చేవారు, జ్వరాన్ని వెంటబెట్టుకుని తమ వీధికి పోయేవారు. ఇళ్ళు మూసుకుందామంటే లోపల గింజ లేదు. దడి కడదామంటే కొట్టి ఉంచిన ఆకు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పుల్లమ్మ కొడుకు పోయాడు. తర్వాత పుల్లమ్మ గోళ్ళు కూడా నీలమెక్కాయి. ఆమెకు మిగిలింది మనవరాలు చంద్రవంక ఒక్కతే.

పెద్దవాడు కోటలో గడియ వేసుకున్నాడు. నడిపివాడు వైద్యుల్ని తిట్టాడు. మలయకేతు పుల్లమ్మ గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి పోవడానికి మొహం చెల్లక వెనక్కి తిరిగాడు. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఏడు సముద్రాల అవతల కాలదంష్ట్రుడనే మాంత్రికుడు ఈ జ్వరాన్ని పుట్టించాడనీ, వాడి ప్రాణం ఒక చిలకలో ఉందనీ ఎవరో అన్నారు. దాదమ్మ కోసం మందు తెస్తానని ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక గూడబాతు కనిపించింది. "నన్ను అవతలికి చేర్చు" అన్నాడు. "ఎవరివి నాయనా?" అంది గూడబాతు. నిజం చెప్పడానికి సిగ్గేసింది. "వర్తకుణ్ణి" అన్నాడు. మూడు సముద్రాలు మోసి గూడబాతు ఒక దిబ్బ మీద దింపేసింది. "నిన్ను మోయగలను గానీ నీ అబద్ధాన్ని మోయలేను" అని పోయింది.

తర్వాత తాబేలు వచ్చింది. "ఎవరివి నాయనా?" అంది. "వైద్యుణ్ణి" అన్నాడు. తాబేలు కూడా మూడు సముద్రాలు మోసి, అదే మాట చెప్పి దింపేసింది.

ఏడో సముద్రం మిగిలింది. ఒక పెద్ద చేప తల పైకెత్తి, "ఎవరివి నాయనా?" అంది. మలయకేతు నీళ్ళలోకి చూస్తూ, "మా ఊరి దడులు కాల్చినవాణ్ణి. నా వల్ల చాలామంది పోయారు" అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏడుపు ఆగలేదు. చేప ఇంకేమీ అడగలేదు, వీపు చూపించింది.

ద్వీపంలో ఒక ఈతచెట్టుకు పంజరం, పంజరంలో చిలక. "నువ్వూ నా మెడ నులమడానికే వచ్చావా?" అంది చిలక.

"కాదు. జ్వరం ఎలా పోతుందో అడగడానికి."

"ఇన్నాళ్ళకు ఒక్కడు అడిగాడు" అని చిలక మురిసిపోయి, అతను పంజరం తలుపు తీయగానే చేతిమీద వాలింది. అంతలో కాలదంష్ట్రుడు బుసలు కొడుతూ వచ్చాడు.

మలయకేతు చిలకను గుండెకు హత్తుకున్నాడు. "మాంత్రికుడా, నేను నీలిజ్వరం ఉన్న ఊరినుంచి వచ్చాను. నీ చిలక నా చేతిలో ఉంది. దీనికి జ్వరం తగిలితే నీ గతేమిటి?"

మాంత్రికుడి మొహం పాలిపోయింది. జ్వరాలు పుట్టించడమే గానీ, అవి తిరిగి తన గుమ్మానికి వస్తాయని వాడు ఎన్నడూ అనుకోలేదు. "బాబ్బాబు, దాన్ని వదిలెయ్! ఇక ఏ జ్వరాన్నీ గడప దాటనివ్వను" అని మోకాళ్ళ మీద పడ్డాడు.

"మరి మందు?"

"నేనెప్పుడూ మందు చెయ్యలేదు. నా జ్వరానికి దడి ఒక్కటే భయం. మీ ఊరికి ఎన్నిసార్లు పంపానో! పొలిమేర దాకా వెళ్ళి, దడికని దాచిన తాటాకులు చూసి తిరిగొచ్చేది. ఈమధ్య ఎవడో మహానుభావుడు వాటిని కాల్చేశాడట. ఎవడో నీకు తెలుసా?"

మలయకేతుకు తలకొట్టేసినట్టయింది. "తెలుసు" అన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకుని ఏడు సముద్రాలు దాటి వచ్చినవాడు ఇంకేమంటాడు?

చిలక మాత్రం పంజరంలోకి పోనంది. "ఎక్కడ జ్వరం పుడితే అక్కడే వాలతాను, చూసుకో" అని మాంత్రికుణ్ణి బెదిరించి ఎగిరిపోయింది. పాపం, ఆ రోజు నుంచి వాడికి జ్వరాలకు కాపలా కాయడమే పని.

తిరుగు దారిలో చేపా, తాబేలూ, గూడబాతూ ఏమీ అడగకుండా మోశాయి. మలయకేతు ఊరికి దూరంగా నిలబడి డప్పు కొట్టాడు. "నేనే కాల్చాను. నా తప్పు. ఇప్పుడు కడదాం రండి" అని వీధివీధికీ వినిపించేలా చెప్పాడు. కొందరు ఉమ్మారు, కొందరు మట్టి విసిరారు. అతను తుడుచుకోలేదు. తాటిచెట్లెక్కి ఆకు కొట్టి, పొరుగు రాజ్యం నుంచి గింజలు తెప్పించి, ప్రతి వీధి కొసలోనూ పడేశాడు. మర్చిపోయిన దడి ముడులు వేయడం ముసలమ్మలు నేర్పారు.

పుల్లమ్మ వీధి దడి దగ్గర చంద్రవంక కర్ర పట్టుకుని నిలబడింది. "యువరాజైనా సరే, లోపలికి అడుగు పెడితే ఊరుకోను" అంది.

"పెట్టను. దాదమ్మ ఉందా?"

ఉంది. జ్వరం ఆమెను పిప్పి చేసి వదిలేసింది. ఆమె గోడ పట్టుకుని దడి దాకా వచ్చింది. మలయకేతు ఇవతల నేలమీద సాగిలపడి, "నన్ను క్షమించు దాదమ్మా" అన్నాడు.

పుల్లమ్మ దడి పట్టుకుని నిలబడింది. "పెంచినదాన్ని, నేను క్షమించకేం చేస్తాను నాయనా? పోయినవాళ్ళను ఎలా అడుగుతావు?" అంది.

అతను లేచి మళ్ళీ తాటిచెట్టు ఎక్కాడు.

ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమి దాకా దడులు నిలిచాయి. జ్వరం పోవడానికి ఇంకో వీధి దొరక్క, ఉన్నచోటే ఆరిపోయింది. అన్నలిద్దరూ ఊరికి మొహం చూపించలేక సింహాసనం వద్దన్నారు. రాజుగారు చిన్నవాడికే పట్టం కట్టారు.

రెండేళ్ళు గడిచాక మలయకేతు చంద్రవంకను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆమె, "మిమ్మల్ని చూస్తే మా నాన్న గుర్తొస్తాడు" అంది.

"నాకూ రోజూ గుర్తొస్తాడు. నువ్వు కాదంటే నేనేమీ అనుకోను" అన్నాడు అతను.

ఆమె, "మర్చిపోయేవాణ్ణయితే చేసుకునేదాన్ని కాదు" అని తల ఊపింది.

పుల్లమ్మే తలంబ్రాలు కలిపింది. వాళ్ళు చల్లగా, చాలాకాలం ఏలారు. ధర్మప్రభువని ఊరు పొగిడినప్పుడల్లా రాజు తల వంచుకునేవాడు, రాణి దగ్గరికి జరిగి అతని చెయ్యి పట్టుకునేది. ఇంతే కథ. చెప్పిన నాకు మంచినీళ్ళివ్వండి, విన్న మీరు చేతులు కడుక్కుని అన్నాలకు రండి.