పూయని పొగడలు

"తాతా, కండ్లకు మందేమన్నా ఉందా?"

తకియాలోకి అడుగు పెడుతూనే ఓబులేసు అడిగిన మాట అది. తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. రాళ్లగుట్ట కింద పకీర్లు తల దాచుకునే రెండు గదులు, వాటి ముందు ఒక తోట. నలభై ఏళ్లుగా ఆ తోటను పెంచుతున్న హుసేనీ తాత పాదు సర్దుతూ తల ఎత్తకుండానే పలికాడు.

"ఎవరి కండ్లకు?"

"సుంకమ్మవ్వ కండ్లకు. పూర్తిగా పోయినాయి తాతా. నా తోట పూసిన పూత ఊరంతా చూస్తాంది. ఆమెకే కనపడల్యా."

"నీ తోట" అన్నాడు తాత. అడిగాడో, ఊరికే అన్నాడో తెలియలేదు.

సుంకమ్మవ్వ ఇల్లు ఊరి చివర ఉంది. పెరట్లో మల్లెలన్నీ ఆమె భర్త వేసినవే. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ తరవాత ఆమె కండ్లకు పొర కమ్ముకుంటూ వచ్చింది. కిందటి వానకాలంలో తకియాకు కబురు పంపింది. "చూపు ఉండంగానే మా ఆయన మల్లెలు ఒక్కసారి నిండా పూస్తే చూడాల సామీ. తోటపని తెలిసినవాణ్ణి ఎవర్నన్నా పంపు."

తాత ఓబులేసును పంపాడు. అతను తాత దగ్గర ఎనిమిదేళ్లుగా పని నేర్చుకుంటున్నవాడు, మంచి చేతివాసి ఉన్నవాడు. ఓబులేసు ఎండుపుల్ల గుచ్చినా చిగురిస్తుందని జనం అనేవాళ్లు. ఆ మాట అతని చెవిన పడకుండా ఉంటే ఎంత బాగుండేదో! వెళ్లేటప్పుడు తాత చెప్పింది ఒక్కటే.

"మట్టిలో చెయ్యి పెట్టకముందు ఒక సాయంత్రం అవ్వ పక్కన కూర్చో."

ఓబులేసు కూర్చోలేదు. పెరడు చూడగానే అతని చేతులు ఊరుకోలేదు మరి.

గోడ పొడుగునా పదకొండు మల్లెపొదలు. వాటి వెనక, గోడను ఆనుకుని పదకొండు పొగడలు. పొగడ అంటే పెద్ద చెట్టు కావలసింది. అవ్వ భర్త వాటిని ఏటా కత్తిరించి కత్తిరించి మనిషెత్తు దాటనివ్వలేదు. అవి ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఏ కాలంలోనూ ఆకు రాల్చకుండా చిక్కటి పచ్చదనంతో నిలబడి ఉన్నాయి. కొమ్మలన్నీ ఏటికేడు కత్తెరకే పోతుంటే ఇక పువ్వెక్కణ్ణుంచి వస్తుంది?

"పేరుకు పొగడలు. ఒక్క పువ్వు లేదు. మల్లెల నోటికాడ కూడు లాక్కుంటాండాయి" అని ఓబులేసు పదకొండింటినీ వేళ్లతో సహా పెకలించాడు. గోడకు తెల్లగా సున్నం కొట్టించాడు. పుష్యమాసంలో మల్లెలకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మాగిన ఎరువు వేసి, నీళ్లు పెట్టాడు. పని మాత్రం వంక పెట్టడానికి లేదు.

చైత్రంలో పొదలు పూశాయి. పూయడమంటే అలా ఇలా కాదు, ఆకు కనబడనంతగా పూశాయి. ఊళ్లో ఆడవాళ్లంతా గుంపులుగా వచ్చి ముక్కున వేలేసుకున్నారు. ఎవరు పెంచారని అడిగితే ఓబులేసు, "నేనేనమ్మా" అనేవాడు. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

వరండాలో మంచం మీద కూర్చున్న అవ్వ మాత్రం మొహం అటూ ఇటూ తిప్పేది.

"వాసన వస్తాంది నాయనా. పువ్వు యాడుంది?"

"నీ ఎదురుగానే ఉండాయి కదవ్వా!"

"తెల్లగా గోడ కనపడతాంది. పువ్వు కనపడల్యా. పోయినేడు నాలుగు పూస్తే నాలుగూ కనపడినాయే!"

ఆ మాట దగ్గర ఓబులేసు ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. కానీ తోటలో లోపం లేదని అతనికి గట్టి నమ్మకం. తోటలో లేనప్పుడు లోపం కండ్లలోనే ఉండాలి కదా!

మూడో రోజు అవ్వ కోడల్ని పిలిచింది. "మంచం ఇంటి పక్కకు తిప్పమ్మా. ఇంక నాకు చూపు లేదు. ఆయన మల్లెలు చూసే రాత నాకు లేదు." కోడలు కొంగుతో కండ్లు ఒత్తుకుంటూ మంచం తిప్పింది. అవ్వ తోటకు వీపు పెట్టి పడుకుంది. అది చూసి తట్టుకోలేక ఓబులేసు తకియాకు పరుగెత్తుకొచ్చాడు.

అంతా విని తాత చేతులు కడుక్కున్నాడు.

"మందుంది. పద" అన్నాడు. లోపలికి పోయి తన నల్ల కంబళి తెచ్చి భుజాన వేసుకున్నాడు. గొర్రెల కాపరులు కప్పుకునే ముతక కంబళి అది. దానికి ఉన్న చిరుగులు ఎన్నో తాతకే తెలియాలి.

ఓబులేసుకు మనసు చివుక్కుమంది. "ఇంత ఎండలో కంబళి ఏంటికి తాతా? ఊర్లోవాళ్లంతా ఉంటారు ఆడ. ఆ తెల్ల అంగీ వేసుకోరాదా?"

"తెల్లది వద్దులేరా" అని తాత నడవసాగాడు.

వాళ్లు చేరేసరికి ఎండ ఏటవాలుగా పడుతోంది, మల్లెమొగ్గలు విచ్చే వేళ. తాత ఎవరినీ పలకరించలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, పూడ్చిన పదకొండు గుంటల్నీ చూశాడు. వంగి మొదటి గుంట మీద మట్టిని కాసేపు అరచేత్తో తాకాడు.

"అవ్వ మంచం ఇటు తిప్పి, నువ్వు పోయి ఆమె పక్కన కూర్చో" అన్నాడు తాత.

ఓబులేసు మంచం తిప్పి, అవ్వను లేపి కూర్చోబెట్టి, పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఇన్ని నెలల్లో ఆ చోట కూర్చోవడం అదే మొదటిసారి. తల ఎత్తి చూస్తే ఎదురుగా తెల్లటి గోడ ఎండకు కండ్లలో గుచ్చుకుంటోంది. మల్లెలు ఉన్నాయని అతనికి తెలుసు కాబట్టి కనబడుతున్నాయి, అంతే.

తాత మొదటి పొద వెనక్కి పోయాడు. గోడకూ పొదకూ మధ్య నిలబడి, కంబళి విప్పి, రెండు చేతులా చాపి పట్టుకున్నాడు.

ఓబులేసు నేల మీంచి సగం లేచాడు.

పొద అప్పుడే పూసినట్టుంది. ఒక్కొక్క పువ్వూ తన రెక్కలతో, తన తొడిమతో, పక్క పువ్వుతో కలవకుండా విడిగా నిలిచింది. విచ్చినవి, సగం విచ్చినవి, రేపటికి ఆగిన సన్నటి మొగ్గలు, వేటికవి కనబడ్డాయి. వాటికి నీళ్లు పోసింది తను, ఎరువు వేసింది తను, రోజూ పొద్దున్నే వచ్చి చూసుకున్నది తను. అయినా ఈ పువ్వుల్ని ఇప్పటిదాకా తను చూడనే లేదు.

పక్కన అవ్వ కదలకుండా కూర్చుంది. తరవాత ఆమె చెయ్యి మెల్లగా లేచింది.

"ఒకటి" అంది. "రెండు... మూడు... ఓ యమ్మా! ఇన్ని పూసినాయా!"

తాత రెండో పొద వెనక్కి జరిగాడు. మొదటి పొద గోడలో కలిసిపోయింది. రెండోది గోడలోంచి బయటికి వచ్చింది. అక్కణ్ణుంచి మూడోదానికి, నాలుగోదానికి. ఒక పొద పోతోంది, ఇంకో పొద పుడుతోంది. డెబ్బై ఏళ్ల ఆ మనిషి చేతులు వణుకుతుంటే పువ్వులు కూడా గాలికి వణికినట్టే ఉన్నాయి. చూడడానికి వచ్చిన ఆడవాళ్లు మాట మరిచిపోయి నిలబడ్డారు. ఎవరి చూపూ తాత మీద లేదు.

పదకొండో పొద చూశాక అవ్వ చెంపలు తడిశాయి.

"పొగడలు మళ్లా వచ్చినాయా నాయనా? నల్లగా వెనక అవే కదా! పూతకొచ్చే కొమ్మంతా కోసేస్తావేమయ్యా అని నేను ఆయన్ను ఎన్నిసార్లు తిట్టినానో. ఊరికే నవ్వేవాడు. పొద్దు గూకినాక నా పక్కనొచ్చి కూర్చుని, ఇప్పుడు చూడవే అనేవాడు."

ఓబులేసు చూపు పూడ్చిన గుంటల మీద పడింది.

చీకటి పడ్డాక వీధిలోకి రాగానే ఓబులేసు తాత కాళ్ల మీద పడ్డాడు. "పొగడల్ని పెరికేసినాను తాతా. ఒక్క సాయంత్రం కూర్చుని ఉంటే..."

తాత అతణ్ణి లేపి, కంబళి తీసి అతని భుజాల మీద వేశాడు.

"బరువుగా ఉందా?"

"ఉంది తాతా."

"పొగడలు ఎదిగేదాకా."

అంతే అన్నాడు తాత. తన దారిన తాను పోయాడు.

మర్నాడు ఓబులేసు పదకొండు గుంటలు మళ్లీ తవ్వి పదకొండు పొగడ మొక్కలు పెట్టాడు. ఒక్కోటి జానెడుంది. పొగడ నిదానంగా ఎదిగే జాతి, దాన్ని తొందరపెట్టడం ఓబులేసు చేతివాసికి కూడా సాధ్యం కాదు. ఆ సాయంత్రం నుంచి, మల్లెలు పూసినన్నాళ్లూ, ఎండ వాలగానే కంబళి కప్పుకుని మొదటి పొద వెనక్కి పోయేవాడు. ఉన్ని గుచ్చుకునేది. చెమట కారేది. చేతులు నొప్పి పుట్టేవి. ఒకటో పొద నుంచి పదకొండో పొద దాకా, అవ్వ ఎంచడం అయ్యేదాకా ఒక్కోచోట నిలబడేవాడు. అక్కణ్ణుంచి అతనికి కనబడేది ఆకుల వెనక వైపే.

తోట చూడడానికి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. ఇంత తోట పెంచినవాడెవరని అడిగితే కోడలు గేటు దాకా పోయి చూసి, "ఇంతసేపూ ఈడనే ఉన్నాడే" అనేది. కంబళి వెనక నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

మూడో ఏడు వైశాఖంలో ఒక సాయంత్రం తాత దారిన పోతూ గేటు దగ్గర ఆగాడు. పొగడలు ఓబులేసు నడుము దాకా వచ్చాయి. అవ్వ ఆరో పొద ఎంచుతోంది. ఎంచుతూ ఎంచుతూ ఆగి, మెడ చాచి గోడవైపు చూసింది.

"ఆ వెనకాల ఎవరన్నా ఉండారా నాయనా?"

పొద వెనక కంబళి అంచు కాస్త కదిలింది.

"ఎవరూ లేరవ్వా" అన్నాడు ఓబులేసు.

అవ్వ ఫక్కున నవ్వింది. నవ్వి, లెక్క తప్పిపోయిందని మళ్లీ మొదటి పువ్వు నుంచి ఎంచడం మొదలుపెట్టింది. తాత గేటు దగ్గరే కింద కూర్చుండిపోయాడు. ఆ రోజు పదకొండో పొద దాకా చూసి గానీ లేవలేదు.