భద్రుడి నోట్లో తాడు

పాటిలంక రేవులో బట్టలుతికే నూకరాజు దగ్గర సత్తెయ్య అని ఒక గాడిద ఉండేవాడు. వేసిన మూట మోసేవాడు, పెట్టిన గడ్డి తినేవాడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు. అంత నెమ్మదస్తుడికీ లోకంలో ఒకే ఒక్కడి మీద మంట. రేవు మెట్ల దగ్గర పడుకునే భద్రుడనే ముసలి కుక్క మీద.

తెల్లారడం ఆలస్యం, భద్రుడు అందుకునేవాడు. "ఒరే సత్తిగా! కాళ్లకి మేకులు దిగ్గొట్టారట్రా? నడు! అదిగో ఎడంపక్క పాచి పట్టింది, కళ్లు నెత్తికెక్కాయా? కుడివైపు జరిగి చావు!" అన్నేళ్లలో సత్తెయ్య ఆ మెట్ల మీద ఒక్కసారి కూడా జారిపడలేదు. ఎందుకు పడలేదో వాడికెప్పుడూ తట్టలేదు. తిట్టు చెవిలో పడ్డంత గట్టిగా తిట్టులోని మాట పడదు కదా!

"ఆ నోరు ఒక్కరోజు మూతపడితే చాలు, నేను కడుపునిండా నవ్వుకుంటాను" అని సత్తెయ్య ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. పైన తథాస్తు దేవతలుంటారని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్లకి చెవులు బాగా పనిచేస్తాయి.

శ్రావణంలో గోదారికి వరదొచ్చింది. ఎర్రనీళ్లు రేవు మెట్లు మింగేసి ఇళ్లలోకి తొంగిచూడసాగాయి. నూకరాజు తన గాడిదనీ, చిట్టెమ్మ అనే మేకనీ, కొండలరావు అనే పుంజునీ పంటెక్కించాడు. పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టింది. కంగారులో మోకు కనబడక దాన్ని గడ్డితాడుతో తాటిమొద్దుకి కట్టేసి, బట్టలు ఉడకేసే బాన తెద్దామని ఇంట్లోకి పరిగెత్తాడు. గడ్డితాడు, పక్కన మేక. ఇంక నేను చెప్పేదేముంది?

"ఏం నములుతున్నావే చిట్టెమ్మా?" అన్నాడు సత్తెయ్య.

"ఏమో అన్నయ్యా, నోటికందింది."

"ఒడ్డు వెనక్కి నడుస్తోందేమిటర్రా!" అన్నాడు కొండలరావు.

పంటు రెండు మైళ్లు కొట్టుకుపోయి నది నడుమ ఇసుకతిప్పకి గుద్దుకుంది. పడవలు రెండూ విడిపోయి కొట్టుకుపోయాయి, ఊడిన బల్లలు తిప్ప మీద పడ్డాయి. ముగ్గురూ తడిసి ముద్దయి తిప్ప మీదకెక్కారు. ఎక్కగానే కొండలరావు సత్తెయ్య వీపు మీదకి ఎగిరి రెక్కలు విదిలించుకున్నాడు.

"ఎత్తున ఉన్నవాడే పెద్ద. కాబట్టి ఈ తిప్పకి పెద్దని నేను."

"అయితే పెద్దగారూ, ఎవరికైనా వినబడేలా గట్టిగా ఓ కూత కుయ్యండి" అంది చిట్టెమ్మ.

"వేళ కాని వేళ కూస్తే మా వంశానికే మచ్చ. రేపు తెల్లవారుజామున చూద్దాం."

సత్తెయ్య బల్లలు నాలుగు నిలబెట్టి, రెల్లు కప్పి గుడిసె వేశాడు. తెల్లారి చూస్తే గుడిసెకి కప్పు లేదు. "చలికి నిద్రపట్టలేదు అన్నయ్యా, నాలుగు పరకలు తిన్నాను" అంది చిట్టెమ్మ. కప్పు మళ్లీ వేశాడు. మర్నాటికి కప్పుతోపాటు బల్లలు కట్టిన రెల్లుతాళ్లు కూడా ఆవిడ పొట్టలోకి పోయాయి. బల్లలు నాలుగూ వచ్చి సత్తెయ్య నుదుటి మీద పడ్డాయి. నుదుట నిమ్మకాయంత బొప్పి కట్టింది. కొండలరావు మాత్రం వేళకి కూశాడు. వరద హోరులో ఆ కూత వాడికే వినబడలేదు.

మూడోనాడు ఒక కొంగ తిప్ప మీద వాలి, ఒంటికాలి మీద నిలబడి వీళ్ల వాలకం చూసింది.

"ఒంటరిగా ఉన్నారు, జాగ్రత్త నాయనా. వరద నీటి మీద దొంగలు తిరుగుతున్నారు. తాళ్లు తెచ్చి కట్టేస్తారు, పళ్లు దిగేస్తారు. నా కళ్లారా చూశాను" అని చెప్పి ఎగిరిపోయింది.

కొండలరావు దాన్ని పాఠం చేశాడు. "చెప్పండర్రా! దొంగలెలా వస్తారు?"

"నీళ్ల మీద."

"ఏం తెస్తారు?"

"తాడు."

"ఏం చూపిస్తారు?"

"పళ్లు!"

మర్నాడు పొద్దెక్కేసరికి ఎగువనుంచి నీళ్లమీద ఒక నల్లటి తల కనబడింది. దాని వెనక జతకట్టిన తాటిదోనెలు రెండు తేలుతూ వస్తున్నాయి. దోనె తాడు ఆ తల నోట్లో ఉంది. తాడు జారిపోకుండా బిగించి కరిచిన పళ్లు ఎండలో మెరుస్తున్నాయి.

"మన భద్రుడన్నలా ఉన్నాడే! మనకోసమే వచ్చాడేమో" అంది చిట్టెమ్మ.

"ఎలా వచ్చాడు? నీళ్ల మీద. ఏం తెచ్చాడు? తాడు. ఏం చూపిస్తున్నాడు?" కొండలరావు సత్తెయ్య వీపు మీద గంతులేశాడు. "దొంగే! దొంగే! సత్తెయ్యా, నీ తడాఖా చూపించు!"

భద్రుడు ఒడ్డుకి చేరాడు. ముందు కాళ్లు ఇసుకలో దిగాయి, వెనక కాళ్లింకా నీళ్లలోనే ఉన్నాయి. ప్రవాహం దోనెల్ని కిందకి లాగేస్తోంది. మెడనరాలు తాళ్లలా పైకి తేలాయి. "ఊఁ... గుర్ర్..." అన్నాడు పళ్ల సందునుంచి. కళ్లతో దోనె వైపు చూపించాడు, మళ్లీ సత్తెయ్య వైపు చూశాడు. ఎక్కండర్రా అన్నట్టు.

సత్తెయ్య ఆ కళ్లు చూశాడు. దోనె చూశాడు. వాడేమీ గుడ్డివాడు కాదు. కానీ అదే క్షణంలో రేవు మెట్లు గుర్తొచ్చాయి. సత్తిగా అన్న పిలుపు, అది విని ఊరి గాడిదలన్నీ పళ్లికిలించిన పొద్దులు, అన్నీ ఒక్కసారే కాళ్లలోకి దిగాయి. వెనక్కి తిరిగాడు. రెండు కాళ్లూ ఎత్తి ఒక్క తాపు తన్నాడు.

దవడ ఎముక చప్పుడు కొండలరావుకి కూడా వినబడింది. తాడు నోట్లోంచి జారిపోయింది. దోనెలు ఒక సుడి తిరిగి దిగువకి పోయాయి. వాటి వెనకే భద్రుడు కొట్టుకుపోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ల గురించి విన్నాం. ఏరు దాటకముందే తెప్పని తన్నినవాళ్లు వీళ్లే!

"శభాష్ సత్తెయ్యా! నీ అంత మొనగాడు లేడు" అన్నాడు కొండలరావు.

సత్తెయ్య నవ్వుదామనుకున్నాడు. ఎన్నాళ్లుగానో దాచుకున్న నవ్వది. ఎందుకో రాలేదు.

ఇంకో గంటకి గడ్డిమేటు ఒకటి నీళ్లలో తేలుతూ వచ్చింది. వెదురు మంచె మీద వేసిన మేటు, మంచెతో సహా లేచొచ్చేసింది. దానికి నడుం చుట్టూ గడ్డితాడు మోకులా కట్టి ఉంది. పైన మూడు నక్కలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నాయి. నాయకుడు మాణిక్యానికి ఒంటికన్ను. అనుచరుల్లో ఒకడు బక్కోడు, ఒకడు బండోడు. ముగ్గురూ పెదాలు మూసుకుని ఎంతో వినయంగా నవ్వుతున్నారు.

"అయ్యయ్యో చెల్లెమ్మా, కాళ్లు తడిసిపోయాయా తల్లీ! బావగారూ, నుదుటి మీద ఆ బొప్పేమిటండీ? మీ నూకరాజుగారు పంపితే వచ్చాం. పుంజుగారూ, మీ గొంతు గురించి లంకలన్నీ చెప్పుకుంటున్నాయండీ బాబూ!" అన్నాడు మాణిక్యం.

కొండలరావు తల ఒక పక్కకి వాల్చి విచారణ చేశాడు. "నీళ్ల మీద వచ్చారు, సరే. చేతిలో తాడుందా? లేదు. పళ్లు కనబడుతున్నాయా? లేదు. మూడింట ఒకటే సరిపోయింది. దొంగలు కారు. ఎక్కండి!"

అతి వినయం ధూర్త లక్షణం అని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఊళ్లో ఉన్నప్పుడే చెబుతారు. ముగ్గురూ ఎక్కారు. సత్తెయ్య ఎక్కేటప్పుడు మేటు ఒరిగి బండోడు నీళ్లలో పడ్డాడు. బక్కోడు వాణ్ణి తోకపట్టుకు లాగితే ఇద్దరూ కలిసి వెనక్కి దొర్లి మాణిక్యం మీద పడ్డారు. మాణిక్యం లేచి, దులుపుకుని, మళ్లీ నవ్వు ముఖం పెట్టాడు.

"తిను చెల్లెమ్మా, మొహమాటపడకు. నాలుగు పరకలెక్కువ తింటే కండ పడుతుంది."

చిట్టెమ్మకి రెండోసారి చెప్పే పనిలేదు. మేటు దిగువకి సాగిపోతోంది. కాస్త దూరం పోయాక సత్తెయ్య గొంతు సవరించుకున్నాడు. తన మొనగాడితనం ఎవరితోనైనా చెప్పుకుంటే లోపల బరువు తగ్గుతుందేమోనని వాడి ఆశ.

"మీకన్నా ముందు ఒక దొంగ కుక్క వచ్చిందండీ. ఒక్క తాపు తన్నాను. దవడ పటుక్కుమంది."

నక్కలు మూడూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి. ఆ తరవాత పొట్టలు పట్టుకుని నవ్వాయి. అప్పుడు కనబడ్డాయి పళ్లు.

"నువ్వా బావా తన్నింది! మేం ఇంకా సుడిలో పడ్డాడనుకున్నాం. పొద్దుట్నించీ వాడి వెనకే వస్తున్నామయ్యా. వాడుండగా తిప్ప చాయలకి రాలేక చచ్చాం. మా పనంతా నువ్వే చేసిపెట్టావు, వెయ్యేళ్లు బతుకు!"

"వాడు... వాడు దొంగ కాదూ?"

"దొంగేమిటయ్యా! ఈ వరదలో పడవ వెయ్యడానికి మీ ఊళ్లో మగాడనేవాడు కదల్లేదు. నూకరాజు ఒడ్డున తలపట్టుకు కూర్చున్నాడు. ఆ ముసలాడొక్కడే దోనె ముడి విప్పి, తాడు కరుచుకుని దూకాడు."

"మరి ఒక్క మాట చెప్పలేదే! నోరు విప్పితే ఏం పోయె?"

"దోనె పోయేది" అన్నాడు మాణిక్యం.

ఆ వంకర మెట్ల మీద ఏళ్ల తరబడి ఆగని నోరు, ఈరోజు ఒక్క మాట అనడానికి కూడా విప్పలేదు. తమకోసం విప్పలేదు. సత్తెయ్య కళ్లలోంచి నీళ్లు గడ్డి మీద పడుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? వాడికి పట్టుకోవడానికి ఆకులైనా లేవు.

"ఏడుపాపు బావా. మలుపు దాటాక ముందు పుంజు, మధ్యాహ్నానికి మేక. నువ్వు పెద్ద శాల్తీవి, మూడు రోజులొస్తావు" అని మాణిక్యం ఓదార్చాడు.

కొండలరావు రెక్కలు ముడుచుకుపోయాయి. చిట్టెమ్మకి భయమేస్తే ఆకలి ముదురుతుంది. గబగబా గడ్డి లాగి నమిలింది. గడ్డి చాలక పక్కకి వంగి, లావుగా నోటికందినది అందుకుంది. అది మేటు నడుం చుట్టూ కట్టిన గడ్డితాడు.

"ఏం నములుతున్నావే?" అన్నాడు బక్కోడు.

"ఏమో అన్నయ్యా, నోటికందింది."

మేటు ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. అటు సగం, ఇటు సగం విడిపోయింది. బండోడు ఎగిరి మాణిక్యం మెడమీద కూర్చున్నాడు. బక్కోడు కొండలరావు తోక పట్టుకున్నాడు, ఈకలు గుప్పెడు ఊడి చేతికొచ్చాయి, వాటిని పట్టుకునే వాడు నీళ్లలో మునిగాడు. "ఓడని ఎవడు తిన్నాడ్రా!" అని మాణిక్యం అరుస్తూండగానే గడ్డివాము జారి ముగ్గురినీ సముద్రం వైపు పట్టుకుపోయింది. అడుగున వెదురు మంచె మాత్రం మిగిలింది. దాన్ని పట్టుకుని వేలాడుతూ మన ముగ్గురూ సాయంత్రానికి మలుపు దగ్గర గట్టుకి కొట్టుకొచ్చారు. చిట్టెమ్మ, కొండలరావు నవ్వీ నవ్వీ సొలసిపోయారు. సత్తెయ్య నవ్వలేదు. గట్టెక్కగానే పాటిలంక వైపు నడక మొదలెట్టాడు, ఆగకుండా నడిచాడు.

రేవు దగ్గర భద్రుడు ఉన్నాడు. దోనెలు చెట్టుకి తట్టుకుంటే వాటినానుకుని గట్టెక్కి, కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడట. నూకరాజు దవడకి పసుపు పట్టేసి, పాత పంచె చింపి కట్టుకట్టాడు. భద్రుడు తల పైకెత్తి పుంజుని చూశాడు, మేకని చూశాడు, గాడిదని చూశాడు. ముగ్గురూ వచ్చారని తేలాక తల నేలకి ఆనించాడు.

"అన్నా, తెలియక తన్నాను" అన్నాడు సత్తెయ్య. ఆ మాట వాడికే చేదుగా తగిలింది. "కాదన్నా. తెలుసు. నీ కళ్లు చూశాను, దోనె చూశాను. తెలిసే తన్నాను. నన్ను తిట్టు."

భద్రుడు తిట్టలేదు. తిట్టడానికి దవడ కదలలేదు.

ఎముక అతికింది గానీ గొంతు రాలేదు. ఇప్పుడు సత్తెయ్య రోజూ మూటతో మెట్ల మొదట్లో ఆగుతాడు. "అన్నా, ఎడంపక్క పాచి పట్టిందా?" అని అడుగుతాడు. భద్రుడు నోరు తెరుస్తాడు, ఊపిరి మాత్రం వస్తుంది. సత్తెయ్య అడుగువేసి, పాచి మీద జారి, మోకాళ్లు గీరుకుని లేస్తాడు. పైన ఊరి గాడిదలు నవ్వుతాయి. కడుపునిండా నవ్వుకుంటానన్నవాడు తల వంచుకుని నీళ్ల దాకా నడిచిపోతాడు.

కసిరే నోటిని తన్నేముందు, ఆ నోరు నీకోసం ఏం కరుచుకొచ్చిందో చూడు.