ఝాన్సీ కుర్చీలో పెద్దస్వామి

ఆ పొద్దున కమలాకర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఆశ్రమం వారి కంటి ఆసుపత్రి ఆఫీసులో ఉన్నదే ఒక్క కంప్యూటర్. అదేమో నెట్‌కి కలవనంటే కలవనని మొండికేసింది.

మామూలు రోజైతే పోనీలే అనుకోవచ్చు. ఆ రోజు ఆపరేషన్లకి తీసుకెళ్ళే బస్సు వచ్చే రోజు. మధ్యాహ్నంలోగా పట్నం ఆసుపత్రికి పేర్లు పంపాలి. పేరు అందినవాళ్ళకే బస్సులో చోటు. ఫోన్లోంచి పంపుదామంటే కుదరదు, ఆ కంప్యూటర్‌తో ఆ లైన్లోంచి వెళితేనే వాళ్ళు తీసుకుంటారు. బయట అరుగు మీద నాంచారమ్మ బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పాపం. ఆమెకి ఒక కన్ను ఏనాడో పోయింది. రెండోది మసకేసింది. ఇంకా ఆలస్యమైతే అదీ దక్కదని డాక్టరు చెప్పేశాడు. మళ్ళీ బస్సు వచ్చేది ఎండాకాలంలోనే.

"బాబూ, నా పేరు ఎక్కిందా?" అని ఆమె గుమ్మంలోంచి అడుగుతోంది.

"ఎక్కుతుంది, ఉండమ్మా!" అని కమలాకర్ విసుక్కుంటున్నాడు.

పని తెలియనివాడా అంటే, కాదు. పెద్దస్వామి దగ్గర శిష్యుడిగా చేరకముందు హైదరాబాదులో అతను చేసిందే ఈ నెట్‌వర్కుల పని. ఆ ఆఫీసులో వైరు లాగింది కూడా తనే. పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. ప్లగ్గు బిగువుగానే ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది, ఆరుతోంది. మెషీను ఆపి మళ్ళీ వేశాడు. సెట్టింగులన్నీ తిరగేశాడు. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, మా వైపు అంతా బాగానే ఉందండీ అన్నారు. ఇక మిగిలిందెవరు? రోజూ ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఝాన్సీ.

"పండగ ముందురోజు దాకా బంగారంలా పనిచేసింది. నిన్న ఆఫీసే తీయలేదు. ఏం కెలికావు?"

"నేనేం ముట్టుకోలేదు సార్."

"ముట్టుకోకుండా దానంతటదే పాడైందా? అబద్ధాలొకటా మళ్ళీ? ఇంత ఖరీదైన వస్తువు నీ చేతికివ్వడం నాదీ బుద్ధితక్కువ!"

ఝాన్సీ తల దించుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ కేకలు విని పెద్దస్వామి చేతికర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చారు. ఇద్దర్నీ చూశారు. గుమ్మంలో నాంచారమ్మనీ చూశారు.

"లే తల్లీ, ఆ కుర్చీ కాసేపు నాకివ్వు."

ఝాన్సీ గభాల్న లేచి గోడకి ఆనుకుని నిలబడింది. స్వామి ఆమె కుర్చీలో కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"ఊఁ, ఇప్పుడు నన్నడుగు."

"ఏమిటి స్వామీ?"

"ఆ పిల్లనడిగిందే. దీన్ని పాడుచేసింది నేననుకో."

కమలాకర్ ఇరుక్కుపోయాడు. ఆ మాటలు స్వామితో ఎలా అంటాడు? అడగకుండా ఊరుకుందామంటే, ఆయన కదిలేలా లేరు. చేతులు కట్టుకుని వంగి, మెల్లగా అడిగాడు.

"స్వామీ... ఏమీ అనుకోకండి. మొన్న దీన్ని ఏమన్నా కదిలించారా? ఏం జరిగినా ఫర్వాలేదు. చెబితే ఇద్దరం కలిసి సరిచేసుకుందాం."

గోడ దగ్గర్నుంచి సన్నటి గొంతు వినబడింది.

"మొన్న ఆయుధపూజ కదా సార్..."

కమలాకర్ వెనక్కి తిరిగాడు.

"యంత్రానికి బొట్లేంటి, చదువుకున్నదానివేనా అని మీరు నవ్వారు. అందుకని మీరు వెళ్ళాక చేశాను. వైర్లన్నీ ఊడదీసి, శుభ్రంగా తుడిచి, గంధం బొట్లు పెట్టాను. మీరు లాగిన ఆ నీలం వైరు మొనకి కూడా పెట్టాను. మనకి అన్నం పెట్టేది అదే కదా అని, కొంచెం ఎక్కువే పెట్టాను సార్."

కమలాకర్ ప్లగ్గు లాగి చూశాడు. మొనలోని బంగారు రంగు రేకుల సందుల్లో గంధం ఎండి గట్టిపడి ఉంది. అతనికి నవ్వొచ్చింది. నవ్వబోయి ఆగిపోయాడు. చచ్చేంత సిగ్గేసింది.

ఝాన్సీ పరుగెత్తి స్పిరిటూ దూదీ తెచ్చింది. అతను రేకులన్నీ తుడిచి, ఆరనిచ్చి, ప్లగ్గు మళ్ళీ బిగించాడు. పచ్చ లైటు వెలిగి నిలబడింది.

"నువ్వే కూర్చోమ్మా," అన్నాడు కమలాకర్, "ముందు నాంచారమ్మగారి పేరు పంపు."

బస్సు వచ్చింది. నాంచారమ్మని చెయ్యి పట్టుకుని ఎక్కించింది ఝాన్సీయే.

బస్సు వెళ్ళిపోయాక కమలాకర్ స్వామి దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"స్వామీ, తప్పు నాదేగా. రాగానే నన్ను నాలుగు చీవాట్లు పెట్టాల్సింది."

"పెడితే, రేపట్నుంచి నువ్వూ నా దగ్గర దాచడం మొదలెడతావు నాయనా," అన్నారు పెద్దస్వామి.