చాపరేవు తెరచాపమ్మ

చాపరేవులో బస్సు దిగి, ఎండుచేపలు ఆరబెట్టిన ఇసుక మీదుగా కాస్త దూరం నడిస్తే శ్రీ తెరచాపమ్మ తల్లి ఆలయం కనిపిస్తుంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గర్భగుడి ముందు పట్టుతెరకు బదులు తుంగచాప వేలాడుతుంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అది దేవస్థానం వారి పిసినారితనం అనుకుని గొణుక్కోవడం కద్దు. ముఖ్యంగా వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ పడవలను తెడ్లతోనే నడిపేవారు. గాలిని వాడుకోవచ్చునన్న ఊహ ఎవరికీ లేదు. రేవుకు కొంత దూరాన సముద్రంలో బలమైన ఒరవడి ఒకటుండేది. దానిలో చిక్కిన పడవ తిరిగివచ్చింది తక్కువ. ఏటా ఇద్దరో ముగ్గురో ఇల్లాళ్ల పసుపుకుంకుమలు ఆ నీటిపాలయ్యేవి. తుంగచాపలు నేసే అసిరమ్మకు అదే దిగులు. పెనిమిటి దానయ్య వేటకు వెళితే, అతడు ఒడ్డెక్కేదాకా ఆమె మెతుకు ముట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం చాప నేస్తూనే ఆమె కునుకు తీసింది. కలలో గంగమ్మ తల్లి కనిపించి, "నీ సేత్తో నేసిన తెర నాకు కట్టవే. నీ పసుపూ కుంకుమా నాను కాస్తాను" అన్నది.

అసిరమ్మ ఉలిక్కిపడి లేచింది. తెర అంటే బట్ట. ఆమె మగ్గం ముఖమైనా ఎరుగదు. చేతనైనది చాప ఒక్కటే. ఆ సంగతి అమ్మకు తెలియదా అని ధైర్యం తెచ్చుకుని, ఏరి కోసిన తుంగతో పదకొండు రోజులు నేసి, నిలువెత్తు చాపను గంగమ్మ గుడికి మోసుకెళ్లింది.

ఊరిపెద్ద ఎర్రయ్య పకపకా నవ్వాడు. "అమ్మోరికి సాపేటే? తొంగోడానికా?" అంటూ అందరి ముందూ ఆమెను ఆడిపోసుకున్నాడు. అంతటితో ఊరుకోక, ఇది అపచారమనీ, చాపను నడిసముద్రంలో వదిలిపెట్టాలనీ తీర్పు చెప్పాడు. అసిరమ్మకు తల కొట్టేసినట్లయింది. అయినా, "నేసిన సేతుల్తోనే ఒగ్గుతాను. నన్నూ పడవెక్కించండి" అని పట్టుబట్టింది. ఆడవాళ్లు పడవెక్కే ఆచారం లేకపోయినా దానయ్య కాదనలేకపోయాడు. తీర్పు సరిగా జరుగుతుందో లేదో చూడడానికి ఎర్రయ్య కూడా ఎక్కాడు.

లోపలికి పోయేసరికి ఒరవడి పడవను పట్టేసింది. మగవాళ్లిద్దరూ తెడ్లు వేసి వేసి సోలిపోయారు. దానయ్య తెడ్డు విరిగింది. ఒడ్డునున్న తాటిచెట్లు గడ్డిపరకలంత అయిపోయాయి. భార్య ముఖం చూడలేక అతడు తల దించుకున్నాడు. అసిరమ్మ ఏడుపు దిగమింగుకుని లేచి, చాపను రెండు చేతులా ఎత్తి పట్టింది. "అమ్మా, నువ్వడిగిందే తెచ్చినాను. కోపముంటే ఈ సాప తీసుకో, నా పెనిమిటినొగ్గీ" అని మొక్కింది.

విసరబోయేంతలో సముద్రం మీద నుంచి పొద్దు వాలాక వీచే గాలి వచ్చి చాపను నింపింది. పడవ ఒక్క గుంజుతో ఒడ్డువైపు కదిలింది. ఎర్రయ్య నోరు వెళ్లబెట్టాడు. పారెయ్యమన్న ఆ నోటితోనే, "ఒగ్గీకు తల్లీ, ఒగ్గీకు!" అని, చాప వదలొద్దంటూ కేకలు పెట్టాడు. చాపను గెడకు కట్టి, ముగ్గురూ అంచులు పట్టుకుని, పొద్దు గూకకముందే రేవు చేరారు.

ఒడ్డున జనం "అదేటి?" అని అడిగారు. చాప అని ఒప్పుకోవడానికి ఎర్రయ్యకు నామోషీ. "తెర" అన్నాడు. "సాప" అన్నది అసిరమ్మ. ఇటు పెద్దాయన, అటు పెళ్లాం. నడుమ నలిగిన దానయ్య "తెరసాప" అనేసి గట్టెక్కాడు. ఆ పేరే నిలిచింది. తరువాత పడవలకు గుడ్డ వచ్చినా పేరులోని చాప పోలేదు. ఆ చాపను మర్నాడు ఎర్రయ్యే తన చేతులతో అమ్మవారి ముందు కట్టి, తనను క్షమించమని అసిరమ్మను అడిగాడు. అప్పటి నుంచి గంగమ్మ తల్లి తెరచాపమ్మ అయింది.

నేడు ఈ రేవులో అన్నీ ఇంజను బోట్లే. దూరప్రయాణం పెట్టుకున్నవారు అమ్మను దర్శించుకుంటే క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం. కొత్త బోటు దించే ఉదయం ఇంటి ఇల్లాలే ముందుగా దానిలో అడుగు పెట్టి, అమ్మ సన్నిధిలో ఇచ్చిన మూరెడు చాపను ఎత్తి పట్టుకుంటుంది. అప్పుడు ఊరిపెద్ద తలపాగా తీసి, చేతులు జోడించి, "ఒగ్గీకు తల్లీ" అని ఆమెను వేడుకోవాలి. ఎంతటి పెద్దమనిషైనా ఆ మాట అననిదే ఇక్కడ బోటు కదలదు.